ఆగిపోయిన బ్రాస్ బ్యాండును మళ్లీ కూర్చోబెట్టడం ఎలా?

“కోవిడ్‌తో మా బ్యాండు ఆగిపోయింది. ఇప్పుడు కొంతమంది వస్తామంటున్నారు. వాద్యాలు ఇంకా పెట్టెల్లోనే ఉన్నాయి. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?” బ్రాస్ బ్యాండులు, అంటే ఇత్తడి ఊదే వాద్యాల బృందాలు నడిపేవాళ్లలో ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఇప్పటికీ తగ్గలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారి అన్నది 2020 మార్చి 11న. అత్యవసర స్థితి ముగిసిందని చెప్పింది 2023 మే 5న. ఆ మూడేళ్లలో కొన్ని బ్యాండులు మధ్యలోనే లేచి నిలబడ్డాయి. కొన్ని ఉత్సాహంగా మొదలుపెట్టి నాలుగు వారాలకే మళ్లీ చల్లబడ్డాయి. నన్ను ఎక్కువగా అడిగేది ఈ రెండో రకం వాళ్లే.

వాళ్లు చేసిన పొరపాటు దాదాపు ఒక్కటే. నేనూ అదే చేశాను. మళ్లీ కలిసిన మొదటి సాయంత్రమే, ఆగిపోయేనాటికి సాధన చేస్తున్న పెద్ద పీసును (సంగీత రచనను) స్టాండ్ల మీద పెట్టాను. ఎక్కడ వదిలామో అక్కడే అందుకుందామనుకున్నాను. ఇరవై నిమిషాలకు కార్నెట్లు (ట్రంపెట్ లాంటి చిన్న వాద్యాలు) ఊదేవాళ్ల పెదాలు చచ్చుబడ్డాయి. గంట తిరిగేసరికి ఎవరూ ఎవరి ముఖమూ చూడటం లేదు. ఆ రోజు వచ్చినవాళ్లలో ఇద్దరు మళ్లీ రాలేదు. ఏళ్ల తరబడి పక్కపక్కన కూర్చుని ఊదినవాళ్లం, ఆ ఇద్దరి కుర్చీలు నన్ను ఇప్పటికీ బాధపెడతాయి. అందుకే కింద చెప్పేదంతా ఒక్క లెక్క మీద నడుస్తుంది: ఈ వారం వచ్చిన మనిషి వచ్చే వారం కూడా రావాలి. శబ్దం బాగుపడటం దాని వెనకాలే వస్తుంది.

రెండు వారాలు ఇంటి దగ్గర, ఎనిమిది వారాలు కలిసి, మొత్తం పది వారాలు పెట్టుకోండి. తొందరపడి కుదించకండి. పన్నెండయినా పర్లేదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- వాల్వు (స్వరం మార్చడానికి నొక్కే భాగం) ఆయిల్, స్లైడ్ (లోపలికీ బయటికీ జరిపే గొట్టం) గ్రీజు, ట్రాంబోన్ ఉంటే స్లైడ్ క్రీము, నీళ్లు చల్లే చిన్న సీసా
- మౌత్‌పీసు (పెదాలకు ఆనించి ఊదే భాగం) బ్రష్షు, వాల్వు కేసింగు బ్రష్షు, గొట్టాల్లోకి దూర్చే పొడవాటి వంగే బ్రష్షు
- గిన్నెలు తోమే తేలికపాటి ద్రవ సబ్బు, మెత్తటి నూలు గుడ్డలు, పాత తువ్వాళ్లు
- బ్యాండుకు ఒక మౌత్‌పీసు పుల్లర్ (ఇరుక్కున్న మౌత్‌పీసు లాగే పరికరం)
- ట్యూనరు (శ్రుతి చూపేది), మెట్రోనోము (లయ కొట్టేది). ఫోనులో ఉన్నవి చాలు
- కార్బన్ డయాక్సైడ్ మీటరు ఒకటి. కొనలేకపోతే అరువు తెచ్చుకోండి
- ఒక నోటుపుస్తకం. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరికి ఏం కావాలి అన్నీ అందులోనే

1. ముందు మనుషులు: ఒక్కొక్కరికీ ఫోను చేయండి

గ్రూపులో సందేశం పెట్టి ఊరుకోవద్దు. దానికి జవాబు ఇచ్చేవాళ్లు ఎలాగూ వస్తారు. మీకు కావాల్సింది జవాబు ఇవ్వనివాళ్లు. వాళ్లలో ఎక్కువమంది మనసులో ఉండేది ఒక్కటే: “నాకిప్పుడు ఊదడం రాదు, అందరి ముందూ పరువు పోతుంది.” ఇది వాళ్లంతట వాళ్లు చెప్పరు. మీరే ముందు అనండి, “అందరిదీ అదే పరిస్థితి, మొదటి నెల ఎవరి పార్టూ విడిగా వినను” అని. అన్న మాట మీద నిలబడండి.

ఫోనులో నాలుగు సంగతులు తెలుసుకోండి:

- వాద్యం ఎవరి దగ్గరుంది, ఎలా ఉంది
- ఈ మధ్యలో పళ్లు కట్టించుకోవడం, పన్ను తీయించుకోవడం, పిల్లలైతే క్లిప్పులు పెట్టించుకోవడం లాంటివి జరిగాయా
- ఊపిరికి సంబంధించి ఇబ్బంది ఏమైనా ఉందా
- ఏ రోజు, ఏ వేళ కుదురుతుంది (పాత రోజే అందరికీ కుదురుతుందని అనుకోకండి)

పళ్ల సంగతి ఎందుకంటే, ముందు పళ్లలో చిన్న మార్పు వచ్చినా మౌత్‌పీసు ఆనే చోటు మారుతుంది. తనకు ఊదడం పోయిందని కుమిలిపోతున్న మనిషికి నిజంగా కావాల్సింది ఆ కొత్త చోటు వెతుక్కోవడానికి నాలుగు వారాల వ్యవధి.

*హెచ్చరిక:* కోవిడ్ వచ్చి తగ్గాక కూడా ఆయాసం, ఛాతీ నొప్పి, గుండెదడ, కళ్లు తిరగడం ఉన్నవాళ్లు డాక్టరుకు చూపించుకోకుండా ఊదకూడదు. పెద్ద వాద్యాల్లోకి దమ్ము బిగబట్టి ఊదడం శరీరానికి మామూలు శ్రమ కాదు. అలాంటివాళ్లను ఇంట్లో ఉండమనకండి. సంగీత కాగితాలు సర్దడానికి, తాళం లెక్కపెట్టడానికి, డ్రమ్ములకు సాయం చేయడానికి పిలవండి. గదిలో ఉంటే మనసు బ్యాండులోనే ఉంటుంది.

మనుషుల లెక్క కుదరకపోతే ఏం చేయాలి? సంప్రదాయ బ్రిటిష్ పద్ధతి బ్రాస్ బ్యాండులో ఊదేవాళ్లు ఇరవై అయిదుగురు: ఒక సొప్రానో కార్నెట్, తొమ్మిది బి ఫ్లాట్ కార్నెట్లు, ఒక ఫ్లూగెల్ హార్న్, మూడు టెనార్ హార్న్‌లు, రెండు బారిటోన్లు, రెండు యుఫోనియాలు, మూడు ట్రాంబోన్లు, నాలుగు బేసులు (అన్నిటికంటే కింది స్వరాలు పలికే పెద్ద వాద్యాలు). వీళ్లతో పాటు డ్రమ్ములవాళ్లు. మీకు పద్నాలుగు మందే తేలినా కంగారు పడొద్దు. ఈ పద్ధతిలో గొప్ప సౌకర్యం ఒకటుంది. బేస్ ట్రాంబోన్ తప్ప ఊదే పార్టులన్నీ (ఒక్కో వాద్యానికి రాసిన వరసలు) ట్రెబుల్ క్లెఫ్ అనే ఒకే గుర్తుతో రాస్తారు, వాల్వు వాద్యాలన్నిటికీ వేళ్ల పద్ధతి ఒక్కటే. కార్నెట్ వాయించే మనిషి టెనార్ హార్నో బారిటోనో అందుకుంటే వేళ్లు అవే, చూసే నోట్లు అవే. కొత్తగా అలవాటు కావాల్సింది మౌత్‌పీసు సైజు, దమ్ము మాత్రమే. బేసు లేని బ్యాండు నిలబడదు కాబట్టి ముందు ఆ కుర్చీ నింపండి. కార్నెట్లు నలుగురున్నా నడుస్తుంది.

కొందరి పేర్లకు ఎదురుగా రాయడానికి ఏమీ ఉండదు. వాళ్లు ఇక లేరు. వాళ్ల కోసం ఏదైనా వాయించాలని అందరికీ ఉంటుంది, మొదటి రోజే వాయిద్దామంటారు కూడా. నా మాట విని అయిదో ఆరో వారం దాకా ఆగండి. గొంతు పూడుకుపోతే దమ్ము రాదు. పెదాలు ఇంకా గట్టిపడని రోజుల్లో, వాళ్ల కోసం ఎత్తుకున్న పాట మధ్యలో తెగిపోతే ఆ బాధ రెండింతలవుతుంది. మొదటి రోజు వాళ్ల పేర్లు చదివి ఒక నిమిషం నిలబడితే చాలు.

2. వాద్యం: ఊదే ముందు కడగండి

పెట్టె తెరవగానే పెదాలకు ఆనించాలనిపిస్తుంది. వద్దు. లోపల ఎండిన నూనె, ఉమ్మి, బూజు ఉంటాయి. ఊదేటప్పుడు మధ్యమధ్యలో మీరు లోపలికి గాలి పీల్చేది కూడా ఆ గొట్టం దగ్గరే. చాలా ఏళ్లుగా పొడి దగ్గుతో బాధపడుతున్న ఒక ట్రాంబోన్ వాద్యకారుడి వాద్యంలో బూజు, సూక్ష్మజీవులు దొరికాయని, వాద్యం శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టాక ఆయనకు దగ్గు తగ్గిందని 2010లో వైద్యులు ప్రకటించారు. ఏళ్ల తరబడి మూసి ఉన్న పెట్టె విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

పిస్టన్ వాల్వులున్న వాద్యానికి (కార్నెట్, హార్న్, బారిటోన్, యుఫోనియం, బేస్) క్రమం ఇది:

అ) ముందు పైనుంచి కిందికి చూడండి. అతుకులు ఊడాయా, సొట్టలున్నాయా, మౌత్‌పీసు పెట్టే గొట్టం మీద గులాబీ రంగు చుక్కలున్నాయా? ఆ చుక్కలు ఇత్తడిలోని జింకు కరిగిపోతోందనడానికి గుర్తు. అలాంటి వాద్యాన్ని రిపేరు తెలిసినవాళ్లకు చూపించండి.

ఆ) వాల్వులు ఒక్కొక్కటిగా తీసి, 1, 2, 3 వరసలోనే గుడ్డ మీద పెట్టండి. చాలా వాల్వుల మీద అంకె చెక్కి ఉంటుంది. స్ప్రింగులు, ఫెల్టులు కూడా వాటి వాటి వాల్వు దగ్గరే ఉంచండి. ఫెల్టులను తడపకండి.

ఇ) స్లైడ్లన్నీ తీయండి. రానిదాన్ని బలవంతంగా లాగకండి. అతుకు దగ్గర నూనె చుక్కలు వేసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు స్లైడ్ వంపులోంచి గుడ్డ దూర్చి, నిటారుగా, నిదానంగా లాగండి. అప్పటికీ రాకపోతే అది మీ పని కాదు, రిపేరువాళ్ల పని.

ఈ) గోరువెచ్చటి నీళ్లలో కొద్దిగా సబ్బు వేసి గొట్టాలు నానబెట్టండి, వంగే బ్రష్షుతో లోపల తోమండి. *వేడి నీళ్లు వాడొద్దు*, పైన ఉన్న లాకరు (మెరుపు పూత) పొరలుగా లేస్తుంది. తర్వాత శుభ్రమైన నీళ్లతో రెండుసార్లు కడిగి, గుడ్డ మీద పూర్తిగా ఆరనివ్వండి.

ఉ) స్లైడ్లకు గ్రీజు, వాల్వులకు ఆయిల్. ఇవి తారుమారు చేసేవాళ్లు ప్రతి బ్యాండులోనూ ఒకరుంటారు. వాల్వుకు గ్రీజు పెడితే కదలదు, స్లైడ్‌కు ఆయిల్ పోస్తే జారిపోతుంది. పాత ఆయిల్ పూర్తిగా తుడవకుండా దాని మీదే కొత్తది వేస్తే జిగురుగా తయారవుతుంది. అందుకే ముందు తుడవడం, తర్వాత వేయడం.

ఊ) వాల్వు లోపల పెట్టి, గైడు గాడిలో టిక్కుమని కూర్చునేదాకా నెమ్మదిగా తిప్పి, మూత బిగించండి.

*సరిచూసుకోవడం:* వాల్వులేవీ నొక్కకుండా గొట్టంలోకి మెల్లగా ఊదండి. గాలి నేరుగా పోవాలి. అడ్డు తగిలితే వాల్వులు వరస తప్పాయి, లేదా సగం తిరిగి కూర్చున్నాయి. వాద్యం పాడైందని బెంగపెట్టుకుని నాకు ఫోను చేసినవాళ్లలో చాలామంది విషయంలో తేలింది ఇదే. ఆ తర్వాత ఒక్కో వాల్వు నొక్కి వదలండి. అది వెంటనే పైకి రావాలి. ఏ వాల్వూ నొక్కకుండా ఊదితే గాలి ధారాళంగా పోతున్నా శబ్దం బుసబుసలాడుతుంటే, ఉమ్మి వదిలే మీట కింద కార్కు చూడండి. చాలాకాలం వాడకపోతే అది ఎండి గాలి వదిలేస్తుంది. కార్కు చిన్న వస్తువే గానీ, అది పోతే వాద్యం మొత్తం బలహీనపడినట్టు అనిపిస్తుంది.

ట్రాంబోన్‌కైతే స్లైడ్ లోపలి గొట్టాల చివర్లు చాలా సున్నితం. గుడ్డ చుట్టిన కడ్డీతో తుడిచి, క్రీము పలచగా రాసి, నీళ్లు చల్లండి. వాద్యాన్ని నిటారుగా పట్టుకుని, లాకు తీసి, చేత్తో పట్టుకునే స్లైడ్ దానంతటదే జారుతోందా చూడండి. జారుతున్నప్పుడు కింద చెయ్యి అడ్డం పెట్టడం మరిచిపోవద్దు. రోటరీ వాల్వులున్న వాద్యాన్ని ఇంట్లో విప్పకండి.

మౌత్‌పీసు ఇరుక్కుంటే పట్టుకారు, సుత్తి దగ్గరికి రానివ్వొద్దు. పుల్లరుతోనే తీయండి. తొందరపడితే మౌత్‌పీసు గొట్టం మెలిపడుతుంది. ఆ రిపేరు ఖర్చు ముందు పుల్లర్ ధర ఎంతో కాదు.

డ్రమ్ములవాళ్లు తోళ్లన్నీ సమానంగా బిగించి, చుట్టూ ఒక్కో బోల్టు దగ్గర తట్టి ఒకే శ్రుతి వస్తోందో లేదో చూసుకుంటే సరిపోతుంది.

3. ఇంటి దగ్గర రెండు వారాలు: పెదాలు, దమ్ము

బ్యాండు కూర్చోవడానికి కనీసం రెండు వారాల ముందు అందరూ ఇది మొదలుపెట్టాలి. వేళ్లు మరచిపోవు. సంగీతం చదవడం రెండు రోజుల్లో గుర్తొస్తుంది. పోయేది పెదాల చుట్టూ ఉన్న కండ బలం. అది రోజూ కొంచెం కొంచెంగానే వస్తుంది, ఆదివారం మూడు గంటలు ఊదితే రాదు.

*మొదటి వారం:* పది నిమిషాలు పొద్దున, పది నిమిషాలు సాయంత్రం. ఎంతసేపు ఊదారో అంతసేపు విశ్రాంతి. ఒకటి రెండు నిమిషాలు మౌత్‌పీసు ఒక్కటే పట్టుకుని గాలి ధారగా పోనిస్తూ పెదాలు మోగించండి. తర్వాత వాద్యంతో దీర్ఘ స్వరాలు: కాగితం మీద స్టాఫు (స్వరాలు రాసే అయిదు గీతలు) కింద ఉండే సి నుంచి రెండో గీత మీది జి వరకు. మెల్లగా, ఒక్కోటి ఎనిమిది లెక్కలు. అంతే. జి దాటొద్దు.

*రెండో వారం:* పదిహేను నిమిషాల చొప్పున రెండుసార్లు. దీర్ఘ స్వరాల తర్వాత వేళ్లు కదపకుండా పెదాలతోనే సి నుంచి జికి, జి నుంచి సికి జారడం. ఇదే వరస వాల్వులు ఒక్కొక్కటి నొక్కుతూ కింది స్థానాల్లో. మూడో స్పేసులోని సి వరకు వెళ్లొచ్చు. చివర మీకు ఇష్టమైన చిన్న రాగం ఒకటి వాయించుకోండి. ఇది వ్యాయామం కాదనిపిస్తుంది, కానీ మనిషిని మర్నాడు వాద్యం దగ్గరికి రప్పించేది అదే.

*సరిచూసుకోవడం:* రెండో గీత మీది జిని మధ్యస్థ ధ్వనిలో పదిహేను సెకన్లు వణకకుండా పట్టగలిగితే మీరు బ్యాండుకు సిద్ధం. పెద్ద బేస్ ఊదేవాళ్లకు ఎనిమిది సెకన్లు చాలు, దానికి పట్టే గాలి వేరు.

*హెచ్చరికలు:* స్వరం పలకకపోతే మౌత్‌పీసును పెదాలకు మరింత గట్టిగా అదమడం అందరూ చేసేదే. రెండు నిమిషాలు పలుకుతుంది, ఆ పైన రక్తం ఆడక పెదవి మొద్దుబారుతుంది. ఊదాక మౌత్‌పీసు వలయం ముద్ర కాసేపు కనిపించడం మామూలే. అరగంట దాటినా ఎర్రగా లోతుగా ఉంటే మీరు ఎక్కువ అదుముతున్నారు. పెదవిలో సూదిపోటు లాంటి నొప్పి వస్తే ఆ రోజుకు వాద్యం పెట్టెలో పెట్టండి. తల తిరిగితే కూర్చోండి, మామూలుగా ఊపిరి తీసుకోండి, నిలబడి ఊదడానికి ఇంకా వారం ఆగండి.

ఇంట్లో ఊదే వీలు లేనివాళ్లకు ప్రాక్టీస్ మ్యూటు (వాద్యం నోట్లో పెట్టే, శబ్దం తగ్గించే బిరడా) ఒక దారి. కానీ దానికి ఎదురుగాలి ఎక్కువ, అలవాటైతే గొంతు బిగిసే ప్రమాదముంది. రెండు రోజులకొకసారైనా మ్యూటు తీసి ఊదే చోటు చూసుకోండి.

4. గది

2020 మార్చిలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక గాయక బృందం రెండున్నర గంటలు సాధన చేసింది. వచ్చిన 61 మందిలో 53 మందికి కోవిడ్ సోకింది లేదా సోకిందని భావించారు. ఇద్దరు చనిపోయారు. మూసిన గదిలో చాలామంది కలిసి బలంగా ఊపిరి వదిలితే ఏమవుతుందో అప్పుడు అందరికీ అర్థమైంది. అదే ఏడాది కొలరాడో, మేరీలాండ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఊదే వాద్యాల మీద పరీక్షలు చేశారు. మనిషికి మనిషికి ఆరడుగులు, ట్రాంబోన్ ముందు తొమ్మిదడుగులు, అరగంటకోసారి గదిలో గాలి మారేలా విరామం అని అప్పట్లో సూచించారు.

ఇప్పుడు అంత ఎడం అక్కర్లేకపోవచ్చు. మీ దగ్గర ఆరోగ్య శాఖ ఏం చెబుతోందో అది పాటించండి. నేను మాత్రం రెండు అలవాట్లు వదల్లేదు. మీరూ వదలొద్దు: గాలి ఆడటం, అరగంట విరామం. ఇవి జలుబుకూ, ఫ్లూకూ, అలసిన పెదాలకూ కూడా పనికొస్తాయి.

చేయాల్సింది ఇంతే. ఎదురెదురు కిటికీలు తెరవండి. కార్బన్ డయాక్సైడ్ మీటరును మధ్య వరసలో, ఎవరి ముఖానికీ సూటిగా లేకుండా పెట్టండి. ఆరుబయట గాలిలో అది దాదాపు 420 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఇన్ని భాగాలు) చూపిస్తుంది. గదిలో 800 లోపు ఉంటే గాలి బాగా ఆడుతున్నట్టు. 1000 దాటితే వాయించడం ఆపి తలుపులు తెరవండి. కిటికీలు సరిపోని గదికి హెపా ఫిల్టరున్న యంత్రం పెట్టవచ్చు. కానీ అది తుంపరలను పడుతుందే తప్ప కార్బన్ డయాక్సైడును తగ్గించదు. మీటరు అంకె తగ్గలేదని యంత్రం పనిచేయట్లేదనుకోకండి.

వాద్యంలో చేరిన తేమను నేల మీద వదలడం ఇక మానేద్దాం. కుర్చీ పక్కన పాత తువ్వాలు వేసుకుని, ఇంటికి తీసుకెళ్లి ఉతుక్కోవాలి. మౌత్‌పీసులు ఒకరివి ఒకరు వాడొద్దు, పిల్లలకు ఇది గట్టిగా చెప్పండి. జలుబు, జ్వరం ఉన్నవాళ్లు ఆ వారం రాకూడదు. రానందుకు ఎవరూ ఒక్క మాట కూడా అనకూడదు.

5. మొదటి రిహార్సల్: గంటే, ఒక్క నిమిషం ఎక్కువొద్దు

- 10 నిమిషాలు: కుర్చీలు, పలకరింపులు. దీన్ని తగ్గించొద్దు.
- 5 నిమిషాలు: వాద్యాలు లేకుండా ఊపిరి. నాలుగు లెక్కలు లోపలికి, ఎనిమిది బయటికి.
- 10 నిమిషాలు: అందరూ కలిసి దీర్ఘ స్వరాలు, మెల్లగా.
- 10 నిమిషాలు: విరామం, కిటికీల దగ్గర.
- 20 నిమిషాలు: నాలుగు పార్టుల్లో ఉండే నిదానమైన చిన్న గీతాలు రెండు.
- 5 నిమిషాలు: వచ్చే వారం ఏం వాయిస్తామో చెప్పి కాగితాలు ఇచ్చి పంపండి.

గీతం వాయించేటప్పుడు ముందు బేసులు, యుఫోనియాలు మాత్రమే. ఆ తర్వాత హార్న్‌లు కలవాలి. చివరికి కార్నెట్లు. కింద నుంచి కట్టుకొస్తే పైవాళ్లు ఆ శబ్దం మీద వాలతారు, బలంగా ఊదాల్సిన పని ఉండదు. ఏళ్ల తర్వాత మొదటిసారి ఆ కింది స్వరాలు గదిలో నిండినప్పుడు ఎవరో ఒకరికి కళ్లలో నీళ్లు వస్తాయి. ఆపండి, కాస్త ఊరుకోండి, మళ్లీ ఎత్తుకోండి.

శబ్దం పెద్దదనిపిస్తుంది. చాలాకాలం ఇంట్లో ఒక్కరే ఊదుకున్న చెవులవి. చిన్న గది అయితే ట్రాంబోన్ల ముందు కూర్చునేవాళ్లకు ఇయర్ ప్లగ్గులు ఇవ్వండి.

6. శ్రుతి చేయడం: తొందరొద్దు

చల్లటి వాద్యం శ్రుతి తక్కువ పలుకుతుంది, వేడెక్కాక పైకి వెళ్తుంది. కూర్చోగానే ట్యూనరు తీసి స్లైడ్లు సర్దితే పావుగంటలో అంతా తప్పుతుంది. దీర్ఘ స్వరాలయ్యాకే శ్రుతి చేయండి. బ్యాండు మొత్తానికి కాన్సర్ట్ బి ఫ్లాట్ (నిజంగా వినిపించే బి ఫ్లాట్ స్వరం; కాగితం మీద ఒక్కో వాద్యానికి దాని పేరు వేరు) తీసుకోండి: బి ఫ్లాట్ వాద్యాలు తమ సి ఊదాలి, ఈ ఫ్లాట్ వాద్యాలు (సొప్రానో, టెనార్ హార్న్, ఈ ఫ్లాట్ బేస్) తమ జి ఊదాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బలం తగ్గిన పెదాలతో, మౌత్‌పీసు అదిమి ఊదే మనిషి శ్రుతి ఎక్కువ పలుకుతుంది. అలసిపోయి దమ్ము తగ్గాక కిందికి జారుతుంది. అప్పుడు స్లైడ్ ఎంత కదిపినా లాభం లేదు, తప్పు స్లైడ్‌లో లేదు. మొదటి నాలుగు వారాలు ట్యూనరు సూదిని ఎవరికీ చూపించకండి. బేస్ ఒక స్వరం పట్టుకుంటే మిగతావాళ్లు దాని మీద తమ స్వరం నోటితో కూని రాగంగా పాడి, ఆ తర్వాత ఊదాలి. చెవి కుదిరితే పెదవి దాని వెంట వెళ్తుంది.

7. రిహార్సళ్ల రెండో వారం నుంచి ఆరో వారం దాకా

రిహార్సల్ నిడివిని వారానికి పది నిమిషాలు పెంచండి, గంటన్నర దగ్గర ఆగండి. కార్నెట్ పార్టు స్టాఫు పైకి ఎక్కువగా వెళ్లే పీసులు ఆరో వారం దాకా ముట్టుకోవద్దు. సోలో కార్నెట్లు (ముఖ్య రాగం ఊదే నలుగురు) ఒకే లైను ఊదేటప్పుడు అందరూ అన్నీ ఊదక్కర్లేదు. ఇద్దరు మొదటి ఎనిమిది బార్లు (తాళం ఆవర్తాలు), ఇద్దరు తర్వాతి ఎనిమిది. వినేవాళ్లకు తేడా తెలియదు, పెదాలకు చాలా తెలుస్తుంది.

ఆగిపోయే ముందు ఏడాదే నేర్చుకున్న పిల్లల విషయంలో మరీ జాగ్రత్త. వాళ్లకు ఇది తిరిగి రావడం కాదు, దాదాపు మొదలుపెట్టడమే. చేతులు పెరిగి ఉంటాయి, కొందరికి పెద్ద వాద్యం కావాలి. అదే పార్టు ఊదే పెద్దవాళ్ల పక్కన కూర్చోబెట్టండి. తెలిసిన నాలుగు స్వరాలే ఊది, మిగతావి వేళ్లతో నొక్కుకుంటూ రమ్మనండి. మూడు వారాల్లో ఆ నాలుగు పది అవుతాయి.

పనిలో పనిగా సంగీత కాగితాల బీరువా చూడండి. చెమ్మ తగిలినవి విడదీసి ఆరబెట్టి, తప్పిపోయిన పార్టుల జాబితా రాసి పెట్టుకోండి. ఒక పీసు ఎంచుకుని సెకండ్ హార్న్ కాగితం లేదని ఆ రోజే తెలుసుకోవడం కంటే ఇది నయం.

*ప్రతి వారం సరిచూసుకోండి:* రిహార్సల్ చివరి అయిదు నిమిషాలు, మొదట్లో వాయించిన గీతమే మళ్లీ వాయించండి, ఫోనులో రికార్డు చేయండి. చివరిది మొదటిదాని కంటే బాగా జావగారిపోయి ఉంటే మీరు ఎక్కువ వాయించారు, వచ్చే వారం పది నిమిషాలు తగ్గించండి. ఈ రికార్డింగులు అప్పుడే అందరికీ వినిపించకండి. ఆరో వారంలో మొదటి వారానిదీ, అయిదో వారానిదీ వరసగా వినిపించండి. గదిలో ముఖాలు ఎలా మారతాయో మీరే చూస్తారు.

రెండో కొలత మీ నోటుపుస్తకంలో ఉంది. మూడో వారం హాజరు మొదటి వారంతో సమానంగా ఉంటే దారి సరైనదే. ఒక మనిషి వరసగా రెండు వారాలు రాకపోతే ఆ రాత్రే ఫోను చేయండి. “ఎందుకు రాలేదు” అనొద్దు. “మీ పార్టు లేక వెలితిగా ఉంది” అనండి. అబద్ధం కాదు కదా.

తరచూ ఎదురయ్యేవి

*అందరూ మొదట్లో బాగా ఊది మూడో వారంలో దిగజారారు.* ఇది దాదాపు ప్రతి బ్యాండులోనూ జరుగుతుంది. మొదటి ఉత్సాహానికి పెదాలను ఎక్కువ వాడేసి ఉంటారు. ఒక రిహార్సల్ మొత్తం మెల్లగా, కింది స్వరాల్లోనే నడపండి. మానేయకండి.

*బాగా వాయించేవాళ్లు విసుగుపడుతున్నారు.* బ్యాండు ఆగిన రోజుల్లోనూ ఇంట్లో సాధన ఆపనివాళ్లు కొందరుంటారు. వాళ్లను మొదటి కుర్చీల్లో గుంపుగా పెట్టకుండా పార్టుకొకరుగా పంచండి. రిహార్సల్ తర్వాత అరగంట నలుగురైదుగురుగా కష్టమైనవి వాయించుకునే వీలు ఇవ్వండి.

*కచేరీకి పిలిచారు, ఒప్పుకోవాలా?* నాలుగో వారం లోపు ఏ తేదీకీ మాట ఇవ్వకండి. ఇచ్చిన తేదీ బ్యాండును నడిపించడం మొదలుపెడితే, పైన చెప్పిన జాగ్రత్తలన్నీ ఒక్కొక్కటిగా జారిపోతాయి.

8. ఎనిమిదో వారం: మొదటిసారి జనం ముందు

ఇరవై నిమిషాలు చాలు, నాలుగైదు పీసులు. ఆరుబయట కుర్చీలు వేసుకుని కూర్చుని వాయించడం అన్నిటికంటే తేలిక. గాలికి కాగితాలు ఎగరకుండా క్లిప్పులు తీసుకెళ్లండి. నడుస్తూ ఊదడం ఇప్పుడే వద్దు. ప్రతి అడుగుకూ మౌత్‌పీసు పళ్లకు తగులుతుంది, ఆ కుదుపు తట్టుకునే పెదవికి ఇంకో రెండు మూడు నెలలు పడుతుంది.

క్రమం ఇలా పెట్టుకోండి: మొదట అందరికీ కంఠతా వచ్చిన గీతం, రెండోది కాస్త హుషారైనది, మూడోది కార్నెట్లకు విశ్రాంతినిచ్చే యుఫోనియం లేదా హార్న్ సోలో, నాలుగోది బలంగా ముగిసేది. ఇక లేనివాళ్ల కోసం వాయించాలనుకున్నది ఉంటే మూడో స్థానంలో పెట్టండి. అప్పటికి దమ్ము కుదురుకుని ఉంటుంది, పెదాలు ఇంకా అలిసి ఉండవు. ఆ రోజు ఉదయం ఎవరూ పది నిమిషాలకు మించి ఊదకూడదు. అయిపోయాక పెట్టెలు సర్దే ముందే తర్వాతి రిహార్సల్ రోజూ వేళా చెప్పేయండి. అందరూ ఒక్కచోట, వాద్యాలు చేతుల్లో ఉన్న ఆ అయిదు నిమిషాల్లో చెబితే రాకుండా ఉండేవాళ్లు చాలా తక్కువ.